వేసవిలో కంప్యూటరు ఆట ఏల తడబడును?

ఏప్రిల్ నెల, అనంతపురములో మధ్యాహ్నము రెండు గంటల వేళ. బయట ఉష్ణోగ్రత 41 సెంటిగ్రేడు డిగ్రీలు. ఒక ఇంటిలో పదవ తరగతి పరీక్షలు ముగించిన విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి తుపాకి పోరు ఆట ఆడుచున్నాడనుకొందము. ఉదయము చల్లని వేళ సాఫీగా నడచిన ఆ ఆటయే ఇప్పుడు ఇరువది నిమిషములు గడచుసరికి తడబడుచున్నది. గురిపెట్టిన శత్రువు ఒకచోట మాయమై మరియొకచోట ప్రత్యక్షమగుచున్నాడు. యంత్రము మారలేదు, ఆట మారలేదు. మారినది గదిలోని గాలి ఒక్కటే.

దుకాణమునకు పోయి అడిగినచో కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయుమని చెప్పుదురు. అది వేలకొలది రూపాయల మాట. వాన మీద ఆశ పెట్టుకొని వేరుశనగ విత్తు కుటుంబములలో అంత సొమ్ము తేలికగా పుట్టదు. అందుచేత కొనుటకు ముందు యంత్రములో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట అవసరము.

తెరపై కనబడు ఆట నిజమునకు నిలకడ బొమ్మల వరుస. సినిమా ఫిల్మునందు వలె ఒకదాని వెంట ఒకటిగా బొమ్మలు వచ్చుచుండును. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అందురు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు చాలును. కాని ఆటలో చేతి కదలికకు తెర వెంటనే బదులు చెప్పవలెను గనుక 60 ఫ్రేములైనను కావలెను. అనగా ఒక్కొక్క ఫ్రేమునకు దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకనులు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో 1920 అడ్డ చుక్కలు, 1080 నిలువు చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కల రంగును యంత్రము లెక్కగట్టవలెను. సెకనుకు ఇది 12 కోట్ల 44 లక్షల చుక్కలు! సినిమాలో బొమ్మలు ముందే తీసిపెట్టినవి. ఇక్కడ ఆటగాడు ఎటు తిరుగునో ముందు తెలియదు గనుక ప్రతి బొమ్మను అప్పటికప్పుడు గీయవలసినదే.

ఈ పనిని ఇద్దరు పంచుకొందురు. ప్రాసెసరు ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎటు పోయినది మొదలగు లెక్కలు చేసి ఏమి గీయవలెనో ఆజ్ఞలు ఇచ్చును. గ్రాఫిక్స్ చిప్పు ఆ ఆజ్ఞల ప్రకారము చుక్కలకు రంగు వేయును. ఇద్దరిలో నెమ్మదిగా నడచువాని వేగమే ఆట వేగము. ఈ జిల్లా వారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. బోరులో అంగుళము నీరే ఊరుచున్నప్పుడు నాలుగంగుళముల పైపు వేసినను పొలమునకు పారునది అంగుళము నీరే. బోరు కొరత పడినదా, పైపు కొరత పడినదా అని ముందు తేల్చుకొనవలెను.

అట్లు తేల్చుటకు ఒక చిన్న ప్రయోగము కలదు. ఆట అమరికలలో బొమ్మ కొలతను 1920×1080 నుండి 1280×720 కు తగ్గించి ఫ్రేముల సంఖ్యను గమనించవలెను. ఇందుచేత చుక్కల పని 44 శాతమునకు తగ్గును. ప్రాసెసరు పని మాత్రము దాదాపు అంతే ఉండును. ఫ్రేములు బాగుగా పెరిగినచో కొరత గ్రాఫిక్స్ చిప్పుది. పెరగనిచో ప్రాసెసరుది, అప్పుడు ఎంత ఖరీదైన కార్డు వేసినను డబ్బు వృథా. (కొందరి ఇండ్లలో తెర తీగను గ్రాఫిక్స్ కార్డుకు గాక మదర్‌బోర్డుకు తగిలించి ఉంచుట కలదు. కార్డు ఊరక కూర్చుండును! మొదట దీనిని చూచుకొనుట మంచిది.)

ఉదయము బాగుండి మధ్యాహ్నము చెడు ఆటకు ఈ రెండు కొరతలును కారణము కావు. అక్కడ దోషి వేడి.

చిప్పులోనికి పోయిన విద్యుత్తంతయు చివరకు వేడిగా మారును. ఆట ఆడునప్పుడు 300 వాట్లు వాడు యంత్రము 300 వాట్ల హీటరుతో సమానము. ఆ వేడిని లోహపు రేకుల హీట్ సింకు, పంకా కలసి గాలిలోనికి పంపును. వేడి ఎక్కువ ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రతకు ప్రవహించుననియు, తేడా ఎంతయో ప్రవాహము సుమారు అంతయనియు ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. కాబట్టి చిప్పు చుట్టునున్న గాలి కంటె ఇన్ని డిగ్రీలు పైన నిలుచును. పూర్తి పనిలో ఆ తేడా 58 డిగ్రీలనుకొందము. గాలి 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 83 డిగ్రీల వద్ద నిలకడగా ఉండును. గాలి 41 డిగ్రీలైనచో చిప్పు 99 కి పోవలెను. చిప్పు హద్దు 85 అయినచో, తన్ను తాను కాపాడుకొనుటకు అది వేగమును తగ్గించుకొనును. కొంత చల్లబడగానే మరల పరుగెత్తును, మరల తగ్గును. ఈ ఊగిసలాటయే తెరపై తడబాటుగా కనబడును.

ఇది ఎండ ప్రాంతములకు మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. ప్రాసెసరుల వేగము ఏటేట పెరుగుచునే ఉండునని ఒకప్పుడు తయారీదారులు నమ్మిరి. వేడి దారికి అడ్డము వచ్చినది. 2004 మే నెలలో ఇంటెల్ సంస్థ తేజస్ అను ప్రాసెసరు నిర్మాణమును విరమించుకొని, ఒకే చిప్పులో రెండేసి, నాలుగేసి కోర్లు పెట్టు మార్గము పట్టినది. 2007 లో జర్మనీలోని క్రైటెక్ సంస్థ విడుదల చేసిన క్రైసిస్ అను తుపాకి ఆట ముందు ఆనాటి మేలైన యంత్రములు కూడ చతికిలబడినవి. వేగము పెరుగునను పాత నమ్మకముపై, ఒక్క కోరు మీదనే ఎక్కువ భారము మోపి దానిని నిర్మించుట ఇందుకొక కారణము.

ఇక ఉపాయము. పై లెక్కలో చిప్పు 85 డిగ్రీలు దాటకుండుటకు తేడా 58 నుండి 44 కు తగ్గవలెను. అనగా వాట్లలో సుమారు నాలుగవ వంతు వదలుకొనవలెను. వేగము కూడ నాలుగవ వంతు పోవునా? పోదు. చిప్పు వాడు విద్యుత్తు దాని పౌనఃపున్యమును బట్టియు, వోల్టేజి యొక్క వర్గమును బట్టియు ఉండును. వేగము కొంచెము తగ్గించినచో తక్కువ వోల్టేజితో పని జరుగును. రెంటిని పదేసి శాతము తగ్గించినచో 0.9×0.9×0.9, అనగా 0.729. వేగములో పదవ వంతు ఇచ్చి, వేడిలో నాలుగవ వంతునకు పైగా వదిలించుకొనవచ్చును! ఇంత లాభమైన బేరము మరి దొరకదు. దీనికై కార్డు తయారీదారులు ఇచ్చు సాఫ్టువేరులో విద్యుత్ పరిమితిని 75 శాతము దగ్గరకు దించిన చాలును. వేగమును, వోల్టేజిని అదియే సర్దుకొనును. ఆట అమరికలలో ఫ్రేములకు 60 అని హద్దు పెట్టుట ఇంకను సులభము. ఉదయము 90, మధ్యాహ్నము ఒకసారి 80, మరుక్షణము 35గా ఊగు ఆట కంటె రోజంతయు 60 వద్ద నిలుచు ఆటలోనే గురి కుదురును.

నీడల నాణ్యతను తగ్గించుట కూడ మంచిదే. అవి అడుగు పని చాల ఎక్కువ, పోరులో వాటిని చూచు తీరిక తక్కువ. 2018 తరువాత డీఎల్ఎస్ఎస్ అనియు, 2021 నుండి ఎఫ్ఎస్ఆర్ అనియు వచ్చిన పద్ధతులలో బొమ్మను చిన్న కొలతలో గీసి నేర్పుగా పెంచి చూపుదురు. చుక్కల పని తగ్గును గనుక వేడియు తగ్గించవచ్చును.

రెండవ శత్రువు దుమ్ము. అనంతపురము పశ్చిమ కనుమల చాటున ఉన్నది. నైరుతి ఋతుపవనము తన తేమను అవతలనే రాల్చి, ఇటు గాలిని మాత్రము పంపును. ఆ గాలికి ఎఱ్ఱ చెలక నేలల నుండి సన్నని మన్ను లేచును. రాయదుర్గము వైపు హగరి నది ఇసుక మేటలు పొలముల మీదికి కదలి వచ్చుట ప్రసిద్ధమే. హీట్ సింకు రేకుల సందులలో ఈ ధూళి దూది వలె పేరుకొనును, గాలి సాగదు, 58 డిగ్రీల తేడా 65 కావచ్చును, 70 కావచ్చును. రెండు మూడు నెలలకొకసారి యంత్రమును ఆపి, ప్లగ్గు ఊడదీసి, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. గాలి ఊదునప్పుడు పంకా రెక్కను వేలితో పట్టుకొనవలెను. లేనిచో అది మితిమీరి తిరిగి చెడును. తడిగుడ్డ పనికిరాదు.

గదిని చల్లబరచు విషయములో మాత్రము ఈ పీఠభూమి పొడిదనము కొంత మేలే చేయును. 41 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 20 శాతమే ఉన్నచో తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీలు. కుండలో నీరు చల్లబడు సూత్రముతోనే పనిచేయు ఎయిర్ కూలరు గది గాలిని ఆ అంకె వైపు చాల దూరము దింపగలదు. సముద్రతీరపు ఉక్కలో ఇది సాగదు. కూలరు బయటి గాలిని పీల్చవలెను, ఎదుటి కిటికీ తెరచి ఉండవలెను. మూసిన గదిలో తేమ పేరుకొని చల్లదనము ఆగిపోవును. తడిగాలి సూటిగా యంత్రముపైకి కొట్టకూడదు.

నీటి ఖర్చు సంగతి కూడ చూడవలసినదే. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావలెను. 300 వాట్ల యంత్రము గంటలో విడుచునది 10 లక్షల 80 వేల జౌళ్లు. అనగా గంటసేపు ఆట వెదజల్లిన వేడిని పోగొట్టుటకు అర లీటరు కంటె తక్కువ నీరే చాలును. కూలరు త్రాగు మిగిలిన నీరంతయు ఎండకాగిన కప్పును, గోడలను, బయటి గాలిని చల్లబరచుటకే పోవుచున్నది. అందుచేత నీటి ఎద్దడి ఉన్న వాడలో మధ్యాహ్నము కూలరు పెట్టి ఆడుట కంటె, కప్పు చల్లారిన తరువాత రాత్రి తొమ్మిదింటికి కిటికీలు తెరచి అదే ఆటను ఆడి చూచి, రెండు వేళల ఫ్రేముల సంఖ్యను, గది ఉష్ణోగ్రతను పక్కపక్కన వ్రాసికొనవచ్చును.