చెరుకు దీవిలో మిగిలిన అడవి: మారిషస్ నుంచి మన గట్ల దాకా

ఈసారి వీడియో మన బోధన్ పొలాల నుంచి కాదు, హిందూ మహాసముద్రంలో ఉన్న మారిషస్ దీవి నుంచి. అందరూ అక్కడికి బీచ్‌ల కోసం పోతరు. నేను చెరుకు, అడవి చూద్దామని పోయిన.

ఆ దీవి మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దంలో మన తెలుగోళ్లు చెరుకు తోటల్లో కూలికి అక్కడికి పోయిండ్రు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలు అన్నరు. ఇప్పటికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు.

చెరుకును 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చిండ్రు. డోడో పక్షి ఆ శతాబ్దంలోనే అంతరించింది. తర్వాత చెరుకు కోసం అడవి నరుకుడు పెరిగింది. 1762లో మిడతలను తింటదని మన దేశం నుంచే గోరింకను తీసుకపోయిండ్రు. 1900లో ఎలుకల కోసం ముంగిసను వదిలిండ్రు. అది ఎలుకలతో ఆగలే, అక్కడి పక్షులనూ పట్టింది. ఆ తర్వాత దోమలకు, పురుగులకు డీడీటీ కొట్టిండ్రు. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలు 1974 నాటికి తెలిసినంతలో నాలుగే మిగిలినయి.

వాటిని కాపాడిన పద్ధతి కోళ్లు పెంచేటోళ్లకు వెంటనే అర్థమైతది. గూట్లో మొదటి గుడ్లు తీసి వేరేగా పొదిగిస్తే, తల్లి మళ్లీ గుడ్లు పెడతది. కార్ల్ జోన్స్ అనే శాస్త్రవేత్త బృందం ఇట్లనే పిల్లలను పెంచి అడవిలో వదిలింది. ఇప్పుడు ఆ డేగలు వందల్లో ఉన్నయి. బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కులో నడుస్తూ ఓపికగా పైకి చూడండి, అదృష్టం ఉంటే కనపడతయి.

మన రైతులు తప్పక చూడాల్సింది ఈల్ ఓ ఎగ్రెట్. మాయెబూర్ దగ్గర పడవ ఎక్కితే కొద్ది నిమిషాలే. సుమారు 65 ఎకరాల పగడపు రాతి దీవి, గైడ్ లేకుండా తిరగనియ్యరు. అక్కడి ఎబొనీ చెట్టు మన బీడీ ఆకు తునికికి చుట్టం. దాని పండ్లు తిని గింజలు చల్లే పెద్ద తాబేళ్లు ఎప్పుడో అంతరించినయి. అందుకే 2000 నుంచి అల్డాబ్రా జాతి తాబేళ్లను తెచ్చి వదిలిండ్రు. అవి పండు తింటయి, గింజ పేడలో పడి మొలుస్తది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ తాబేలువే!

మన దగ్గర 2015లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు మళ్లల్లో వరి వచ్చింది. వరికి నీడ పడుతదని గట్టు మీద వేప, తుమ్మ, కానుగ కొట్టేస్తున్నం. మారిషస్‌లో నాలుగు పక్షులను వందలు చేయడానికి ఏండ్లు పట్టింది. మన పిట్టలు, తేనెటీగలు ఇంకా ఇక్కడనే ఉన్నయి. జీవామృతం మట్టికి ఎంత అవసరమో, పురుగును తినే పిట్టకు కూర్చునే కొమ్మ అంత అవసరం. ఈ వానాకాలం దున్నే ముందు గట్టు చుట్టూ ఒకసారి తిరగండి, ఉన్న చెట్లను లెక్కపెట్టండి. అందులో ఒక్కటి కూడా తగ్గనియ్యకండి.