మగవారు దాచుకొను బాధ - దానిని బయటపెట్టు చిత్రములు

నెల్లూరునకు 20 కిలోమీటర్లకు పైచిలుకు దూరమున నున్న మైపాడు తీరమున పడవలను అలలలోనికి నెట్టుటయు, మరల ఒడ్డునకు లాగుటయు నిత్యము జరుగు పనియే. అట్టి పనిలో కాలు జారి, పడవ యంచున కిరువైపుల కాళ్లు పడునట్లు కూలబడినచో, మూత్రమార్గము ఎముకకును కొయ్యకును నడుమ నలిగిపోవును. వెంటనే రక్తము కనబడినను, మూత్రము బంధించినను ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను. ఇంటియొద్ద నెవరిచేతను గొట్టము వేయింపరాదు. ఒక్కొక్కప్పుడు నొప్పి నాలుగు దినములలో తగ్గిపోవును. లోపలి గాయము మాత్రము మచ్చకట్టి, నెలలకో యేండ్లకో ఆ మార్గమును సన్నము చేయును. సైకిలు కమ్మిపై బడిన వారికిని ఇట్లే జరుగును.

దెబ్బయే కాదు, ఇదివరలో ఆసుపత్రిలో వేసిన మూత్రపు గొట్టమును, కొన్ని చర్మవ్యాధులును, సెగరోగమును గూడ దీనికి కారణములే. కొందఱిలో కారణమే తెలియదు. కావున మార్గము సన్నబడెనని వినిన తోడనే భర్తను శంకించి కలహించుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము.

కాలిలో ముల్లు విఱిగిన ఇల్లంతయు మేల్కొలుపు మగవాడు, ఈ బాధను గూర్చి నోరు మెదపడు. పెరటిలో జాగు చేయుట, ధార సన్నగిలుట లేక రెండుగా చీలుట, ముక్కి పోయుట, పిదప బట్ట తడియుట - వీనిని మొదట కనిపెట్టునది ఇల్లాలే. "వేడి చేసిన"దని బార్లీనీరు, సబ్జాగింజలు ఇచ్చుచు సంవత్సరములు గడపుదుము. చలువ పదార్థములు మచ్చను కరిగింపజాలవు. అశ్రద్ధ చేసినచో మూత్రాశయము మందమగును, రాళ్లు పుట్టును, తుదకు మూత్రపిండములే చెడవచ్చును.

వైద్యుడు మొదట నొక యంత్రములో మూత్రము పోయించి ధార వేగమును కొలుచును. ఆరోగ్యవంతుడగు యువకునిలో నది సెకనుకు 15 మిల్లీలీటర్లకు మించును. 10కి లోబడిన అనుమానింపవలసినదే. అయితే వేగము అడ్డు కలదని చెప్పునే గాని, ఎచ్చట నున్నదో చెప్పదు. అందుకు చిత్రము కావలెను. రాంట్‌జెన్ పండితుడు 1895లో ఎక్స్‌రే కిరణములను కనుగొనగా, 1910లో అమెరికాలోని కన్నింగ్‌హామ్ అను వైద్యుడు వానితో ఈ మార్గమును చిత్రించు విధమును ప్రకటించెను. నేటికిని అదియే ముఖ్యమైన పరీక్ష, ఆసుపత్రులలో ఆర్.జి.యు. అందురు.

రోగిని ఒక ప్రక్కకు ఓరగా పరుండబెట్టి, మూత్రద్వారమున సన్నని గొట్టముంచి, ఎక్స్‌రేలో కనబడు మందును మెల్లగా నెక్కించుచు చిత్రము తీయుదురు. ఓరగా పరుండుట చాదస్తము కాదు. వెల్లకిల పరుండిన సన్నబడినచోటు ఉన్నదానికంటె పొట్టిగా గానవచ్చును. కొంత మంట, ఒత్తిడి తోచును. పరీక్ష కొలది నిమిషములలో ముగియును. మూత్రములో చీము లున్నచో ముందు దానిని కుదుర్చుదురు. ఇటువంటి మందులు పూర్వము పడకపోయిన సంగతి ముందుగా జెప్పవలెను. తరువాత చలిజ్వరము వచ్చిన వెంటనే తెలుపవలెను.

అడ్డునకు పైభాగము దీనిలో చక్కగా దెలియదు. అందుచే మూత్రాశయమును మందుతో నింపి, రోగి మూత్రము విడుచుచుండగా మఱియొక చిత్రము తీయుదురు, ఇది ఎం.సి.యు. రెండు చిత్రములును కలసిననే కథ పూర్తియగును. మచ్చ ఎంత లోతున బిగిసినదో అల్ట్రాసౌండు చూపును. కటియెముకలు విఱిగిన చిక్కు సందర్భములలో ఎం.ఆర్.ఐ. తోడ్పడును.

ఇంత శ్రమ యెందుకన, కొలతనుబట్టియే చికిత్స. 2 సెంటీమీటర్లకు లోబడినదానిని లోపలినుండియే కోసి చూడవచ్చును. పొడవైనదానికి బుగ్గలోపలి పొరను తెచ్చి అతుకు శస్త్రచికిత్స మేలు. చిత్రము లేకయే మాటిమాటికి కడ్డీలతో సాగదీయించుకొనుట వలన ధనమును కాలమును వ్యర్థము. మార్గము మరల మూసికొనును.

స్త్రీలలో ఈ వ్యాధి అరుదు. అయినను పలుమారులు "ఇన్ఫెక్షను" అని మందులు మ్రింగియు ధార సన్నముగనే యున్నవారు పరీక్ష కోరవలెను. మార్గము ప్రక్క సంచివంటిది యేర్పడిన ఎం.ఆర్.ఐ. చక్కగా జూపును. మగశిశువు ధారగా గాక బొట్టుబొట్టుగా పోసినచో, పుట్టుకతోనే లోపల అడ్డుపొర లుండవచ్చును. శిశువుల కిది మూత్రపిండములకు ముప్పు; దీనిని నిర్ణయించునది ఎం.సి.యు. చిత్రమే.

తీయించిన చిత్రములను పాతకాగితములతో గలిపి పాఱవేయక తారీఖు వ్రాసి పెట్టెలో నుంచుడు. చికిత్స జరిగిన పిమ్మట తీయు చిత్రముతో వైద్యుడు వానినే పోల్చి చూచును.