పరభృతము

అమరకోశమును వల్లించినవారికి కోకిలకు పరభృతమనియు, కాకికి పరభృత్తనియు పేళ్లున్న సంగతి తెలియును. మొదటిది పరులచే పెంపబడునది. రెండవది పరులను పెంచునది. ఈ రెండు పక్షుల నడుమ జరుగు వ్యవహారమును మన పూర్వు లంత చక్కగా కనిపెట్టియుండిరి.

అభిజ్ఞాన శాకుంతలము పంచమాంకమున దుష్యంతుడు, గర్భవతియైన శకుంతలను నిండుకొలువులో తిరస్కరించుచు, స్త్రీలకు నేర్పకయే వంచన యబ్బుననియు, తన పిల్లలను పరపక్షులచే పెంపించు ఆడుకోకిలయే యందుకు సాక్షియనియు పలికెను. మా తండ్రిగారు నాకా నాటకమును పాఠము చెప్పిననాడే యీమాట ముల్లువలె గ్రుచ్చుకొన్నది. పక్షిశాస్త్ర గ్రంథములు కొన్ని చదివిన పిమ్మట, రాజుగారి సాక్ష్యము సగమే సత్యమని బోధపడినది.

కాకి గూటిలో గ్రుడ్డు పెట్టుట ఆడుకోకిల యొక్కదాని పని కాదు. ఎఱ్ఱకన్నుల నల్లని మగకోకిల గూటి సమీపమునకు వచ్చి బిగ్గరగా కూయును. కాకులు కోపించి దానిని తరుముకొనిపోవును. ఆ సందున, ఒడలెల్ల తెల్లని చుక్కలుగల గోధుమవన్నె యాడుపక్షి చప్పుడు చేయక వచ్చి తన పని ముగించుకొని పోవును. ఇట్టి కూడబలుకుడును పక్షిపరిశోధకులు వ్రాసియున్నారు. కావున వంచన యున్నచో అది దంపతు లిరువురదియు. మరియొక వింత గలదు. మనము స్త్రీకంఠమునకు పోలిక తెచ్చు వసంతకాలపు కుహూరవము మగపక్షిదే. ఆడుదానిది కిక్కిక్కను కటువైన కూత. కోకిలకంఠియని పొగడ్త నందిన సోదరీమణులు విని నవ్వుకొందురుగాక!

కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్డుకంటె చిన్నదైనను, రంగును మచ్చలును ఇంచుమించుగా దానివలెనే యుండును. కాకిపిల్లలకంటె రెండుమూడు దినములు ముందుగనే అందుండి పిల్ల బయటికి వచ్చును. ఆ రెండుమూడు దినములే దాని బలము. ముందు పుట్టినది ముందు తిని, ముందు పెరుగును. వెనుక పుట్టిన కాకిపిల్లలలో కొన్ని యాకలికి చచ్చుటయు గలదు. అయినను మన కోకిలపిల్ల సాధారణముగా తోడిపిల్లలను గూటినుండి త్రోసివేయదు.

ఐరోపాఖండమున కక్కూ యనబడు దాని జ్ఞాతి యట్లు కాదు. మసూచికమునకు టీకా కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నరుగారే 1788లో దీని చర్యను వెల్లడించిరి. కన్నులు తెరవని, ఈకలు మొలవని పసికూన, పుట్టిన యొకటిరెండు దినములలోనే, ప్రక్కనున్న గ్రుడ్లను ఒక్కొక్కటిగా వీపుమీది పల్లమున కెత్తుకొని, గూటి గోడవెంట వెనుకకు ప్రాకి, వెలుపలికి పడద్రోయును. పండ్రెండు దినములు గడచునప్పటికి ఆ పల్లము పూడిపోవునట! తల్లి దగ్గర లేదు, నేర్పినవారును లేరు. దీనిని చదివినప్పుడు నా యొడలు జలదరించినది. ఆ కాలమున పెక్కుమంది నమ్మనే లేదు.

మరి యెవరు నేర్పిరి? 1859లో ప్రకటించిన గ్రంథమున డార్వినుగారు చెప్పిన సమాధాన మిది. పూర్వకాలపు పక్షి యొకటి అప్పుడప్పుడు పరుల గూటిలో గ్రుడ్డు పెట్టెననుకొనుడు. అందువలన తల్లికిగాని పిల్లకుగాని మేలు కలిగినచో, ఆ స్వభావము సంతతికి సంక్రమించి తరతరములకు దృఢపడును. పెంచు పక్షియు ఊరకుండదు. పరాయి గ్రుడ్డును గుర్తించి పారవేయగల తల్లుల వంశము నిలుచును. అంతట పోలిక మరింత కుదిరిన గ్రుడ్లు పెట్టు కక్కూలే మిగులును. ఒకరి కత్తికి పదునెక్కినకొలది వేరొకరి డాలు దళమెక్కుచుండును.

గ్రుడ్డును గుర్తించు పక్షి పిల్లను మాత్రమేల గుర్తింపదు? ఇంగ్లండున రెల్లుదుబ్బులలో గూడు కట్టు చిన్నపిట్ట, తనకంటె నెన్నోరెట్లు పెద్దదైన కక్కూపిల్ల నోటిలో పురుగులను పెట్టుచునే యుండును. ఆ యొక్కపిల్ల కూత, గూటినిండ నున్న పిట్టపిల్లలన్నియు కలిసి యఱచినట్లుండునని 1998లో కేంబ్రిడ్జి పండితులు ప్రకటించిరి. బిడ్డలెందరో యాకలిగొన్నారని తల్లి పరుగెత్తును. లోటెము అను పండితుడు 1993లో వేసిన లెక్క యింకను లోతైనది. తొలికాన్పు పిల్లను చూచియే తల్లి తన బిడ్డ రూపమును నేర్చుకొనునేని, మొదట కక్కూపిల్లయే గూట దొరికిన తల్లి గతి యేమి? దానినే తన బిడ్డగా నెంచి, మరుసటి కాన్పున తన కడుపున పుట్టినవానిని పరాయివని విడిచిపెట్టును. అట్టి నేర్పుకంటె నేర్వకుండుటయే దానికి లాభము. ఆ పిట్టను మూర్ఖురాలని నవ్వువారు ఈ లెక్కను కొంచెము చూడవలెను.

ఆస్ట్రేలియాలోని ఫెయిరీ రెన్ అను చిట్టిపిట్ట వేరొక ఉపాయము పన్నినది. అచ్చటి కంచువన్నె కక్కూజాతిలో నొకదాని పిల్ల పుట్టిన గూళ్లలో నూటికి నలువదింటిని ఈ తల్లులు విడిచిపోవుదురని 2003లో తేలినది. ఎట్లు తెలిసికొనుచున్నవో 2012లో కొంత బయటపడినది. పిల్లలు పుట్టుటకు కొన్ని దినములు ముందుగనే తల్లి గ్రుడ్లమీద కూర్చుండి వానికి ఒక కూత వినిపించును. పుట్టిన పిల్లలు ఆ కూతలోని స్వరము నొకదానిని కలిపి ఆహార మడుగును. ఒక గూటి గ్రుడ్లను మరియొక గూటికి మార్చి చూడగా, పిల్లలు పొదిగిన తల్లి స్వరమునే యెక్కువగా పలికినవి. కక్కూపిల్లయో, తొందరపడి ముందుగా పుట్టును గనుక దానికి పాఠములు చాలవు. ఇక తండ్రికిని ఆ స్వరము తెలియవలెను గదా! అందుచేత గూటికి దూరముగా నున్నప్పుడు తల్లి తన మగనికిని దానిని పాడి నేర్పునట.