మోగించేవారి ఇష్టం

ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసమని దాచుకున్నాడు. రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు సేనను నుగ్గుచేస్తుంటే వాడక తప్పలేదు. కవచకుండలాలు ఒలిచి ఇచ్చి తెచ్చుకున్న ఆయుధం అలా ఖర్చయిపోయింది! ఆ "ఒక్కసారే" అన్న మాట తీసేసి చూడండి, కథలో బిగువు ఏపాటి మిగులుతుందో.

నేను తయారుచేసేవీ ఇటువంటి వస్తువులే. కంగారుపడకండి, అన్నీ కాగితం మీదనే. ఆదివారాలు మా యింట్లో బల్లచుట్టూ అయిదుగురం కూర్చుని "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట ఆడుతుంటాం. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరి పేరు మీద వెలువడిన ఆట ఇది. ఒకరు సూత్రధారి, కథ నడుపుతారు. మా బల్ల దగ్గర ఆ పని నాది. మిగిలినవారు తలా ఒక పాత్ర: వీరుడో, మాంత్రికుడో, గజదొంగో. ఏం చేయాలో వారిష్టం. నెగ్గారో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఒక్కొక్క పాత్ర రెండేసి మూడేసి ఏళ్లు నడుస్తుంది. అంతకాలం పెంచుకున్నది పోతే ఆ పూట అన్నం సయించదు. నవ్వకండి, మీరు చదివే ధారావాహికలో అభిమాన నాయిక కన్నుమూసిన వారం మీ యింట్లో ఏమయిందో గుర్తు చేసుకోండి.

ఈ ఆటలో అన్నిటికన్నా పేరుమోసిన ప్రమాదం ఒక పేకకట్ట. 1975లో వచ్చిన "గ్రేహాక్" అనే అనుబంధ పుస్తకంలోనే ఉంది. ఒక ముక్క తీస్తే కోరిన వరం దక్కుతుంది. మరొకటి తీస్తే ఆస్తంతా మాయం. ఇంకొకటి ఆత్మను ఎక్కడికో ఎత్తుకుపోతుంది, ఒళ్లు మాత్రం ఇక్కడే పడి ఉంటుంది! 2014 నాటి నిబంధనల ప్రకారం ఎన్ని ముక్కలు తీస్తారో ముందే నోటితో చెప్పాలి. చెప్పాక వెనక్కి తగ్గితే మిగిలిన ముక్కలు వాటంతటవే ఎగిరి వస్తాయి. నా దృష్టిలో ఆ కట్టకున్న గొప్పతనమంతా ఈ నిబంధనలోనే ఉంది: మాట తనది, ఫలితం తనది. నా ఫిర్యాదల్లా ఒకటే. ఒక్క ముక్కతో మూడేళ్ల పాత్ర ఆటలోంచి లేచిపోతే, ఆడే మనిషి ఇక కాఫీలు అందించాల్సిందే.

అందుకని నేనొక కంచుగంట చేశాను. మనిషి పోయి ఘడియ దాటకముందు మోగిస్తే లేచి కూర్చుంటాడు. మోగించినవారు పాచిక వేయాలి. మొదటిసారి 1 పడితే ముప్పు. రెండోసారి 1 గాని 2 గాని, మూడోసారి 3 దాకా. అలా పెరుగుతూ పోతుంది. ఎప్పుడూ 1కే ముప్పు అంటే, పదిసార్లు మోగించినా నూటికి 60 పాళ్లు క్షేమమే. అంత దయగల గంటకు ఎవరు జడుస్తారు? పెంచుకుంటూ పోతే లెక్క మారుతుంది: నాలుగుసార్లు మోగించి క్షేమంగా బయటపడే అవకాశం నూటికి 58; అయిదోసారికి 44కు దిగుతుంది. ఈ లెక్క నేను దాచను. దాచితే అది దొంగదెబ్బ.

మరి ముప్పు ఏమిటి? చావు కాదు. గంట చేతికి రాగానే తన పాత్రకు ప్రాణమైన ముగ్గురి పేర్లు కాగితం మీద రాసి ఇవ్వాలి. ముప్పు పడితే అందులో ఒకరు ఆ పాత్రను శాశ్వతంగా మరిచిపోతారు. పాత్రకు మాత్రం అన్నీ గుర్తే. వెళ్లి మళ్లీ పరిచయం చేసుకోవచ్చు, అభ్యంతరం లేదు. పాత జ్ఞాపకం మాత్రం రాదు.

మా బృందంలో వైద్యురాలి పాత్ర కట్టే అమ్మాయి మూడుసార్లు మోగించింది, ఏమీ కాలేదు. నాలుగోసారి గజదొంగ పడిపోయాడు. ఆ పాత్ర వాళ్ల తమ్ముడిదే. "మోగించక్కా!" అన్నాడు వాడు. ఆమె పాచిక చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వేసింది. 4!

కాగితం విప్పాను. మొదటి పేరు అమ్మ.

తరువాతి ఆదివారం ఆ వైద్యురాలు తన ఊరు వెళ్లింది. తలుపు తీసిన ముసలామె "ఎవరమ్మా నువ్వు? దాహానికి కావాలా?" అంది. ఆ ముసలామె మాట పలికింది నేనే. జవాబివ్వడానికి ఆ అమ్మాయికి కాసేపు పట్టింది. "అవునమ్మా, కాసిని మంచినీళ్లివ్వండి" అంది చివరికి.

గంట ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. నాలుకకు గుడ్డచుట్టి, సంచీ అడుగున పెట్టుకున్నారు. అమ్మేద్దామని గజదొంగ రెండుసార్లు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.