ట్యాంకు కదిలింది.. నా లెక్క తప్పింది!

మెకానికల్ బీటెక్ పూర్తయింది. పలాసలో ఇంట్లో కూర్చుని రోజుకో పది కంపెనీలకు రెజ్యూమె పంపుతున్నారా? ‘ప్రాజెక్టు’ అన్నచోట క్లాసులో అందరూ రాసిందే మీరూ రాశారా? అయితే ఓసారి బండి తీసి టెక్కలి మీదుగా భావనపాడు వెళ్లిరండి. వేసవిలో అయితే మరీ మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు పడవల వేటకు నిషేధం. తెప్పల మరమ్మతులు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి.

నాకు అక్కడ పాఠం చెప్పింది ఓ డీజిల్ ట్యాంకు. ఫైబర్ తెప్పలో దాన్ని పట్టి ఉంచే మౌంటు విరిగింది. ‘ఇంజినీర్ని కదా, నేను చేసిస్తా’ అన్నాను. 40 లీటర్ల డీజిల్ అంటే సుమారు 34 కిలోలు, ట్యాంకుతో కలిపి 40. లాప్‌టాప్‌లో బ్రాకెట్ గీసి, వెల్డింగ్ షాపులో చేయించి, పాత చోటే స్క్రూలతో బిగించాను. వేట మొదలైన నెలకే ట్యాంకు మళ్లీ కదిలింది. పైపు జాయింటు వదులై తెప్ప అడుగున డీజిల్ చేరింది. చిత్రమేంటంటే బ్రాకెట్‌కు గీత కూడా పడలేదు. దాని కింద నానిపోయిన ప్లైవుడ్డే స్క్రూలతో సహా ఊడొచ్చింది.

ఆ రోజు వేట పోయింది. నష్టం నాది కాదు, తెప్ప యజమానిది. అయినా ఆయన కోప్పడలేదు. ‘‘బరువెంతని లెక్కేసినావు గానీ, కెరటం ఎంతని ఏసినావేటి బాబూ?’’ అన్నాడంతే.

నిజమే. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు తెప్ప ముక్కు లేచి దభీమని పడుతుంది. ఆ దెబ్బ 3 జి అనుకున్నా, 40 కిలోల ట్యాంకు 120 కిలోల్లా లాగుతుంది. సగం ఖాళీ అయితే లోపల డీజిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇంజిన్ అదురు సరేసరి.

రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాం. ముందు ట్యాంకు తీసి దూరంగా పెట్టాం. (ఖాళీదే కదా అని దానికి వెల్డింగ్ పెట్టొద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలొచ్చు.) కుళ్లిన చెక్క తవ్వేసి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరేదాకా ఆగాం. నాకు ఓపిక లేనిది అక్కడే! పగులు ఉన్నంతవరకే కాదు, ఫైబర్ మందం మిల్లీమీటరుకు 12 మిల్లీమీటర్ల చొప్పున చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. లేకపోతే కొత్త పొర పాతదాన్ని పట్టుకోదు. కొత్త చెక్కను అన్ని వైపులా మ్యాట్, రెసిన్‌తో మూసేశాం. బోల్టు రంధ్రాలు పెద్దగా చేసి, ఎపాక్సీ నింపి, మళ్లీ డ్రిల్ చేశాం. ఇక నీళ్లు చెక్కను తాకవు. స్క్రూల బదులు వెనక ప్లేటుతో 316 స్టెయిన్‌లెస్ బోల్టులు, ట్యాంకు కింద రబ్బరు. గోనెపట్టా వేస్తే ఉప్పునీరు పట్టి ఉంచుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. రెసిన్‌లో కలిపే హార్డెనర్, కోబాల్ట్ రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది. ఒకటి రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది.

మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మన వైపు అందరి చూపూ అటే. ఈలోగా నేర్చుకోవడానికి తెప్పలున్నాయి. గాలిమర రెక్కలు కూడా ఈ ఫైబర్, రెసిన్ కుటుంబానివే. మీ ఇంట్లో పదో తరగతి పాసైన తమ్ముడుంటే విశాఖలోని సిఫ్‌నెట్‌లో మెరైన్ ఫిట్టర్ కోర్సు గురించి చెప్పండి. రెండేళ్లది. ఇంటర్వ్యూలో నన్ను ‘మీ డిజైన్ ఎప్పుడైనా ఫెయిలైందా?’ అని అడిగితే, ఫోన్లో ఊడిన ప్లైవుడ్ ఫొటో చూపించాను. తర్వాత ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం.

వెళ్లేటప్పుడు మాస్కు, గ్లోవ్స్, కళ్లద్దాలు మీరే పట్టుకెళ్లండి. నిండు చేతుల చొక్కా కూడా. ఫైబర్ దుమ్ము పడితే రెండ్రోజులు దురద వదలదు.