చూపు కూడ సంకెలయే

భద్రతాసంస్థల దృష్టి నుండి పౌరుని ఆంతరంగిక జీవనమును కాపాడు శాసనము మన దేశమున ఏపాటి కలదో విచారించి, గురువారము లోపుగా వ్రాసి పంపుమని సంపాదకుల ఆజ్ఞ. శాసనమును వెదకబోయి నేనొక తీర్పునందు చిక్కుకొంటిని. అదియును తీర్పులో గెలిచిన భాగము గాదు, ఓడిన భాగము. 1962 డిసెంబరు 18వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఖరక్ సింగు కేసును తేల్చినపుడు, రాజమహేంద్రవరమున జన్మించి, గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, పిదప ఢిల్లీ చేరిన కోకా సుబ్బారావుగారు, న్యాయమూర్తి షాగారు తోడుగా వెల్లడించిన అల్పసంఖ్యాకాభిప్రాయమది. ఈ కథనమున అధికభాగము దానికే చెల్లును. పాఠకులు మన్నింతురు గాక.

నేటి ఉత్తరప్రదేశమున 1941లో ఒక బందిపోటు కేసునందు పట్టువడి, సాక్ష్యము చాలక విడువబడిన ఖరక్ సింగుపై పోలీసులు హిస్టరీషీటు తెరచిరి. ఇట్టివారిపై నిఘా యెట్లుండవలెనో ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది నిర్దేశించును: ఇంటిని, ఇంటి దారులను రహస్యముగా కాచుట, రాత్రివేళ ఇంటికి పోయి చూచుట, ఎస్సై హోదాకు తగ్గని అధికారి అతని అలవాట్లను, సావాసములను, రాబడిని, ఖర్చును ఆరాతీయుట, ఇల్లు కదలిన ప్రతిసారియు కానిస్టేబులో చౌకీదారో కబురందించుట. అతడు కోర్టునకు చెప్పుకొన్న గోడు ఇంతకన్న కండ్లకు గట్టునట్టిది. నడిరేయి తలుపు బాది కేకలువేసి లేపుదురట. ఒక్కొక్కతరి నిద్రకండ్లతోనే స్టేషనుకు నడిపింతురట. పొరుగూరికి పోవలెనన్న ఎచ్చటికో, మరల ఎన్నడో ముందుగా చెప్పిపోవలెను, చెప్పిన వెంటనే అచ్చటి స్టేషనుకు వర్తమానము పోవును, అచ్చటను కాపలా మొదలగును.

ఆరుగురిలో నలుగురి పక్షమున తీర్పు వ్రాసిన రాజగోపాల అయ్యంగారు రాత్రివేళల రాకను మాత్రము కొట్టివేసిరి, తక్కినదంతయు నిలిచినది. చాటుగా వెంబడించుట నడకకు అడ్డుగాదనియు, తన్నెవరో చూచుచున్నారన్న అనుమానముచే ఎవడైన కుంచించుకొనిపోయిన అది వాని మనస్సౌకుమార్యమే యనియు, ఏకాంతపు హక్కును రాజ్యాంగము ప్రసాదింపలేదనియు వారి సిద్ధాంతము. సుబ్బారావుగారు సరిగా ఇక్కడనే ఎదురు తిరిగిరి. దేహమును గొలుసుతో కట్టుట యొక్కటియే నిర్బంధమా? పోలీసు కన్ను నీడవలె వెన్నంటుచుండగా కాళ్ళు కదలునే గాని, ఆ కదలిక స్వేచ్ఛ యనిపించుకొనదు. అట్టివానికి దేశమంతయు చెరసాలయే. శాస్త్రము పెరిగినకొలది మనస్సును బంధించు ఉపాయములును పెరుగునని గ్రహించి, దేహనిర్బంధముకన్న మనోనిర్బంధమే లోతుగా పనిచేయునని ఆయన తర్కించిరి. ఏకాంతము పేరెత్తి చెప్పబడకున్నను వ్యక్తిస్వాతంత్ర్యమున అంతర్భాగమే గనుక నిబంధన సాంతము చెల్లదని తేల్చిరి. జేబులో ఫోను లేని కాలమున ఈ మాట వ్రాసిన మనుష్యునిపై నాకు గల ఆదరము కేవలము ప్రాంతాభిమానము గాదు.

ఒక్క విషయమున మాత్రము ఇరుపక్షములకును భేదము లేదు: ఆ నిబంధన వెనుక శాసనము లేదు, ఉన్నది శాఖాదేశము మాత్రమే. మన రాష్ట్రమున రౌడీషీటునకును ఆధారము పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే, వానిలో 601వది. శాసనబలము లేని ఈ ఆర్డర్ల అండతో షీటు తెరచుట చెల్లదని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము చెప్పినది. ఏకసభ్య తీర్పులు అప్పీలునకు లోబడినవే. ప్రశ్న మాత్రము 1962 నాటిదే.

చరిత్రను త్వరగా ముగింతును. 1871 నాటి నేరస్థజాతుల చట్టము పుట్టుకనే అనుమానించినది, 1952లో తొలగినది. 1887 నుండి వేళ్ళూనిన ఇంటెలిజెన్సు బ్యూరోకు నేటికిని ప్రత్యేక శాసనము లేదు. గూఢచారసంస్థలను శాసనపరిధికి తేవలెనని 2011లో మనీష్ తివారీ తెచ్చిన ప్రైవేటు బిల్లు చట్టము కాలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంతపు హక్కు విషయమున సుబ్బారావుగారి పక్షమే న్యాయమని ఒప్పిరి. ఆ తొమ్మండుగురిలో ఒకరు మొవ్వ దరి పెదముత్తేవి బిడ్డ, బందరు హిందూ హైస్కూలున చదివిన జాస్తి చలమేశ్వర్‌గారు. ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించిన 2015 నాటి త్రిసభ్య ధర్మాసనమునకును ఆయనయే పెద్ద.

తుదకు శాసనము వచ్చినది, 2023 ఆగస్టులో. పేరు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము. మా చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసు అమ్మువాడు అది కవరింగని చెప్పియే అమ్మును; ఈ చట్టము ముఖమున రక్షణమని చెక్కుకొని, పదునేడవ సెక్షనున మాత్రము, దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణములపై కేంద్రము నోటిఫై చేసిన ఏ ప్రభుత్వసంస్థకైనను తన నియమములు వర్తింపవని పలుకును. 2018లో శ్రీకృష్ణ కమిటీ డేటా రక్షణకై సిద్ధపరచిన ముసాయిదా అట్టి మినహాయింపునకు పార్లమెంటు చేసిన శాసనము ఉండవలెననియు, ఆవశ్యకతకు, అనుపాతమునకు లోబడవలెననియు కోరినది. ఆ షరతులు ఐదేండ్లలో జారిపోయినవి. ఖరక్ సింగు నాడు శాసనము లేకపోవుట లోపము. నేడు శాసనమే తొలగి దారి యిచ్చినది. రెంటిలో ఏది మేలో నాకు తేలలేదు.

పెట్టెలో: తీగెలపై చెవి

ఖరక్ సింగు తీర్పు నాటి తేదీననే, 34 ఏండ్ల పిదప, 1996 డిసెంబరు 18న సర్వోన్నత న్యాయస్థానము ఫోను ట్యాపింగునకు హద్దులు గీచినది: హోం కార్యదర్శి ఉత్తరువు ఉండవలెను, అది రెండు నెలలకు మించి తనంత తాను నిలువదు, సమీక్షాసంఘము పరిశీలింపవలెను. ఉత్తరువు నిచ్చునదియు, సమీక్షించునదియు ప్రభుత్వాధికారులే. న్యాయమూర్తికి ఆ గదిలో కుర్చీ లేదు.

పెట్టెలో: పెగసస్, పంజాగుట్ట

2021 అక్టోబరు 27న, నాటి కృష్ణా జిల్లా పొన్నవరమువారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము, దేశభద్రత యన్న మాట పలికినంతనే ప్రభుత్వమునకు విచారణ నుండి విముక్తి లేదని చెప్పి, పెగసస్ అను గూఢచార సాఫ్ట్‌వేరుతో ఫోనులపై నిఘా పెట్టిరన్న ఆరోపణలను పరిశీలింప సాంకేతిక కమిటీని నియమించినది. కమిటీ 29 ఫోనులు చూచి, ఐదింట హానికర సాఫ్ట్‌వేరు కనుగొని, అది పెగసస్ అని రూఢిపరుపలేకపోయినది. కేంద్రము సహకరింపలేదని కూడ పేర్కొన్నది. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట స్టేషనున కేసు నమోదైనది: మావోయిస్టులపై నిఘాకై ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో హార్డుడిస్కులను, ప్రభుత్వము మారిన సమయమున, లోపలివారే ధ్వంసము చేసిరని అందలి ఆరోపణ.