మార్కులు కూడే పనిముట్టు

హైదరాబాదులో అమీర్‌పేట చూసినవారికి ఆ వీధుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మైత్రీవనం చుట్టుపట్ల ఏ మేడ చూసినా కంప్యూటరు విద్య నేర్పుతామనే బోర్డులే. కొత్తగా ఊరినుంచి వచ్చిన కుర్రవాడు ఆ బోర్డులు చదవటానికే అరగంటసేపు నిలబడిపోతాడు. వాటి మధ్య జిరాక్సు కొట్లు. ఒక మాస్టారు చెప్పిన పాఠాన్ని ఎవరో విద్యార్థి శ్రద్ధగా రాసుకుంటే, ఆ నోట్సు నకళ్లు అక్కడ అమ్ముతారు. మంచి నోట్సయితే ఎందరికో ఉపకారం. కాని రాసినవాడు ఒకచోట తప్పు రాస్తే ఆ తప్పు కూడా అందరి చేతుల్లోకీ పోతుంది. తరవాత అతను తన పుస్తకంలో దిద్దుకున్నా, అమ్ముడైన నకళ్లు వాటంతట అవి దిద్దుకోవు గదా!

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు అమీర్‌పేటలో పాఠాలు చెబుతూ, పంజాగుట్టలో గది తీసుకుని ఉంటున్నాడు. మెట్రో రైలులో అమీర్‌పేట పక్క స్టేషనే పంజాగుట్ట. వారం వారం పరీక్ష పత్రాలు తయారు చేయటం కూడా అతని పనే. పత్రంలో ప్రశ్నల మార్కులన్నీ కూడితే 100 కావాలి. ఒక ప్రశ్న తీసి మరొకటి పెట్టినప్పుడల్లా ఈ మొత్తం తప్పుతుంది. ఒకసారి 97 మార్కుల పత్రమే పిల్లల చేతికి పోయింది. (నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి 104 మార్కుల పత్రం పోయింది. పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.)

ఆ రాత్రి అతను కూర్చుని, పత్రంలోని మార్కులు ఏరి, కూడి, మొత్తం 100 కాకపోతే ఎర్ర గుర్తు చూపమని కంప్యూటరుకు ఆజ్ఞలు రాశాడు. ఇట్లా మనం వరసగా రాసి ఇచ్చే ఆజ్ఞలనే కోడ్ అంటారు. అతని కోడ్ నలభై పంక్తులకు మించలేదు.

"మాస్టారూ, ఇది నాకొక్కడికేనా? పరీక్ష పత్రాలు రాసే ప్రతివారికీ పనికొస్తుంది," అన్నాడు నాతో.

"అయితే దాచుకుంటావేమిరా? ఇచ్చేయి," అన్నాను.

ఇటువంటి పనిముట్లు పదిమందికీ ఇచ్చే అంగళ్లు ఉన్నాయి. గిట్‌హబ్ అనే సంస్థ 2008లో మొదలైంది. 2018లో దాన్ని మైక్రోసాఫ్టు కొన్నది. కోడ్ రాసేవారు తమ రాతలను అక్కడ భద్రపరచుకుంటారు. ఏ రోజున ఎవరు ఏ పంక్తి మార్చారో అక్కడ నమోదవుతూ ఉంటుంది. కొత్త రాత వచ్చి చేరగానే దానంతట అది పని మొదలుపెట్టేటట్టు అమర్చుకోగల పనిముట్లకు అక్కడ 'యాక్షన్లు' అని పేరు. వాటిని అరల్లో పేర్చి చూపే అంగడి 'మార్కెట్‌ప్లేస్'. అంగడి అన్నమాటేగాని, యాక్షన్లకు ధర చీటీ ఉండదు.

అందులో పెట్టటానికి షరతులు కొద్దే. కోడ్ అందరికీ కనబడేటట్టు ఉండాలి. పనిముట్టు పేరేమిటి, దానికి మనం ఏమి అందించాలి, అది మనకు ఏమి తిరిగి ఇస్తుంది అనే వివరాల పత్రం జతచేయాలి. ఆ పేరుతో అంతకుముందు మరొక యాక్షను ఉండరాదు. ఖాతా తెరవటానికి పాస్‌వర్డుతో పాటు రెండో రుజువు కూడా ఏర్పాటు చేసుకోవాలి. ఇవన్నీ సరిపోతే పనిముట్టు వెంటనే అరలోకి ఎక్కుతుంది. గిట్‌హబ్ వారు ముందుగా పరీక్షించి ముద్ర వేయరు. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి; దీనితో తరవాత పని ఉన్నది.

మావాడు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే అనుమతి పత్రం కూడా జతచేశాడు. దాన్ని లైసెన్సు అంటారు. అది లేకపోతే కోడ్ కళ్లెదుట ఉన్నా ఇతరులకు దానిమీద హక్కు రాదు. పక్కింటి జామచెట్టు గోడమీదుగా కనబడినంత మాత్రాన కాయలు మనవి కావు. చివరికి 'వి1', అంటే మొదటి వెర్షన్, అనే చీటీ తగిలించి, అంగట్లో పెట్టేశాడు.

ఆరు నెలలు గడిచాయి. పత్రంలో "5 మార్కులు" అని ఉన్నా, "5 మా." అని ఉన్నా ఆ పనిముట్టు లెక్కపెట్టేది. రెండు విధాలుగా చూడటంవల్ల అప్పుడప్పుడు పొరబడుతున్నదని, ఒక ఆదివారం అతను కోడ్ మార్చాడు. ఇకమీదట బ్రాకెట్లో ఉన్న అంకెనే అది లెక్కపెడుతుంది. ఆ కొత్త కోడ్‌కు పాత 'వి1' చీటీనే తగిలించాడు.

సోమవారం తెల్లవారేసరికి, ఎన్నడూ చూసి ఎరగని ఒక ఉపాధ్యాయుడి దగ్గరనుంచి సందేశం వచ్చి ఉన్నది. నిన్నటిదాకా సరిగా ఉన్న పత్రాలన్నిటికీ ఇవాళ మొత్తం సున్నా చూపుతున్నదట. తొమ్మిది గంటలకు పరీక్షట! మావాడు ముఖమైనా కడుక్కోకుండా పాత కోడ్ తెచ్చి మళ్లీ పెట్టాడు.

"బాగుచేస్తున్నాననే అనుకున్నాను మాస్టారూ. ఆయన వాడుతున్నాడని నాకు తెలియనే తెలియదు," అన్నాడు ఆ సాయంత్రం తల వంచుకుని.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కుండ చేసిన కుమ్మరికి కొన్నవారి ముఖం తెలుస్తుంది. కోడ్ రాసినవాడికి వాడేవారు ఎవరో తెలియదు. అందుకని ఈ వృత్తివారు చీటీమీద మూడు అంకెలు వేసే పద్ధతి పెట్టుకున్నారు. తప్పు మాత్రమే దిద్దితే చివరి అంకె పెంచుతారు. పాతవారికి ఇబ్బంది లేకుండా కొత్త సదుపాయం చేరిస్తే మధ్య అంకె. పాతవారి పని ఆగిపోయే మార్పు చేస్తే మొదటి అంకె. మావాడు ఆదివారం చేసిన మార్పుకు 'వి2' అని పెట్టవలసింది. అప్పుడు ఆ ఉపాధ్యాయుడు 'వి1'తోనే నిశ్చింతగా ఉండేవాడు.

పనిముట్టును అసలు ముట్టుకోకుండా వదిలేసినా కుదరదు. మన తెలుగులోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఒకప్పుడు తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులో ఎవరి ఫాంటు వారు వాడేవి. ఆ ఫాంటు లేనివారికి తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనబడేవి. వెన్న నాగార్జున అనే ఆయన 'పద్మ' అనే పనిముట్టు రాశాడు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు దాన్ని తగిలించుకుంటే ఆ గీతలు యూనికోడ్ తెలుగుగా మారేవి. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టిక కావాలి. పత్రిక ఫాంటు మారిస్తే పట్టిక కూడా మార్చాలి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ వెర్షన్ వచ్చి, పాత పద్ధతిలో రాసిన తగిలింపులను ఇక తీసుకోననేసింది. గొడ్డలి పదునుగానే ఉన్నా, పిడి మారిపోయిందన్నమాట.

ఇక దొంగల సంగతి. అంగడివారు ముందుగా పరీక్షించరని చెప్పాను గదా. 'టీజే యాక్షన్స్' అనే పేరుమీద 'ఛేంజ్డ్ ఫైల్స్' అనే యాక్షను ఉన్నది. ఏ ఫైళ్లు మారాయో జాబితా చెప్పటం దాని పని. దాన్ని 23,000కు పైగా కోడ్ నిలవలలో వాడుతుండేవారు. 2025 మార్చి 14న ఎవరో దొంగలు అందులో ప్రవేశించి, తమ కోడ్ ఒకటి చేర్చారు. అంతటితో ఆగక, పాత చీటీలను పీకి తమ కోడ్‌కే తగిలించారు! ఎప్పటినుంచో నమ్మకంగా పాత వెర్షన్ వాడుతున్నవారికి కూడా దొంగ కోడే వచ్చింది. అది వారి రహస్యపు తాళాలను వెతికి, పని వివరాలు రాసే చిట్టాలో అచ్చు వేసింది. చిట్టా అందరికీ కనబడేచోట ఉంటే తాళం చెవి వీధిగుమ్మానికి వేలాడదీసినట్టే. మర్నాడు గిట్‌హబ్ వారు ఆ యాక్షనును తాత్కాలికంగా తీసివేసి, శుభ్రమైన తరవాతనే తిరిగి రానిచ్చారు.

ఆ రోజు కూడా కొందరికి ఏమీ కాలేదు. వారు చీటీని నమ్మక, కోడ్ వేలిముద్రను రాసిపెట్టుకున్నారు. గిట్‌హబ్‌లో ప్రతి మార్పుకూ 40 గుర్తుల సంఖ్య ఒకటి పుడుతుంది. అందులో 0 నుంచి 9 దాకా అంకెలూ, ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి ఆరు అక్షరాలూ ఉంటాయి. దాన్ని ఎవరో తగిలించరు. కోడ్ నుంచే లెక్కకట్టి తీస్తారు. కోడ్‌లో ఒక్క కామా మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఫలానా సంఖ్యగల కోడే కావాలని రాసుకున్నవారికి వేరే కోడ్ రాదు. 2025లోనే గిట్‌హబ్, ఒకసారి విడుదల చేసిన వెర్షన్‌నూ, దాని చీటీనీ ఎవరూ కదపలేకుండా బిగించే ఏర్పాటు కూడా చేసింది.

ఇప్పుడు మావాడి పనిముట్టుకు ఆ బిగింపు ఉన్నది. ఒకవేళ తాను జ్వరపడితే చూసుకోవటానికి తనతో పనిచేసే అమ్మాయిని కూడా తోడు పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం పంజాగుట్టలో అతని గదికి వెళ్లేసరికి ఇద్దరూ వాదించుకుంటున్నారు. ఎవరో వారి పరీక్షల్లో అర మార్కు ప్రశ్నలుంటాయనీ, వాటిని కూడా కూడేటట్టు చేయమనీ రాశారట.

"మధ్య అంకె పెంచితే చాలు," అంటున్నాడు మావాడు.

"ఎందుకు చాలుతుంది? ఇన్నాళ్లూ అర మార్కును వదిలేసి 100 చూపించాం. ఇప్పుడు అదే పత్రానికి నూటొకటి వస్తే వాళ్ల పని ఆగదా?" అంటున్నది ఆ అమ్మాయి.

నన్ను తీర్పు చెప్పమన్నారు. నాకు ఆ అమ్మాయి చెప్పినదే సరి అనిపించింది.